తెలీదన్నందుకు ఒక మార్కు

మా సారు పోయారన్న కబురు నాకు తొమ్మిదో తరగతి గదిలో అందింది. నంద్యాలలో నేను ఇంగ్లీషు చెప్పే బడిలో అప్పుడు రెండో పీరియడు నడుస్తోంది. ప్యూను తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, మీ ఆళ్లగడ్డ ఇంగ్లీషు సారు తెల్లారుజామున పోయినారంట. వాళ్ల కొడుకు ఆఫీసుకు ఫోన్ చేసినాడు" అన్నాడు. చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టాను. కావాల్సిన మనిషి పోతే ముందు కన్నీళ్లు వస్తాయంటారు. నాకు ముందు హమ్మయ్య అనిపించింది.

ఈ మాట రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. ఎనిమిది నెలల కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితో పాటు మాట కూడా పోయాయి. అంతమంది పిల్లల చేత నోరు తెరిపించిన మనిషి, దాహమేస్తే నీళ్లడగలేక మంచం పట్టె మీద గోటితో కొట్టేవారు. చూసి వచ్చిన ప్రతిసారీ నాకు రెండు రోజులు అన్నం సయించేది కాదు. ఆ కష్టం తీరిపోయింది. నిద్రలోనే వెళ్లిపోయారట. ఏడుపు సాయంత్రం వచ్చింది, వాళ్ల వాకిట్లో గోడకు ఆనించిన ఆయన సైకిలు చూసినప్పుడు.

పోయినవాళ్లందరినీ దేవుళ్లను చేయడం మనకు అలవాటు. మా సారు దేవుడు కాదు. సుద్దముక్క కీచుమంటే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. ఎక్కాలు పన్నెండు దాటితే తడబడేవారు. బడి పండగల్లో ప్రార్థన గీతం ఆయన అందుకుంటే పిల్లలం పెదవులు కొరుక్కుని నేల చూసేవాళ్లం. గోస్పాడు దగ్గర పల్లెలో రైతు కొడుకు. పంచె కట్టి, పంచెకు సైకిలు క్లిప్పు పెట్టి, చొక్కా జేబులో కాగితంలో చుట్టిన సుద్దముక్కలతో బడికి వచ్చేవారు. రెండో జేబులో అట్ట ఊడిన చిన్న నిఘంటువు ఉండేది.

డెబ్బైల్లో ఆయన ఆళ్లగడ్డ హైస్కూలుకు బదిలీ అయి వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. మొదటి రోజే ఒక వింత పద్ధతి పెట్టారు. పాఠం చదవబోయే ముందు, పేజీలో తెలియని మాట ఏదైనా ఉంటే లేచి నిలబడి చెప్పాలి. చెప్పినవాళ్లకు ఒక మార్కు. సారు నోటితో ఏమీ అనరు. చూపుడు వేలు ఒక్కటి పైకెత్తుతారు. క్లాసు లీడరు నోటుపుస్తకంలో ఆ పేరు ఎదురుగా ఒకటి వేయాలి. వేసేదాకా ఆ వేలు దిగదు. లీడరు పెన్సిలు వెతుక్కుంటూ ఉంటే, సారు వేలు అలా గాల్లో ఉంచుకునే నిలబడేవారు.

మేమంతా అప్పటిదాకా తెలిసిందానికే మార్కులు చూశాం. తెలియనిదానికి మార్కు అంటే మొదట్లో ఎవరికీ నమ్మకం కలగలేదు. నమ్మకం కలిగాక ఆశ పుట్టింది. వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, "కౌ అంటే తెలీదు సార్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. సారు నవ్వలేదు, వేలెత్తారు. మార్కు పడింది. తర్వాత, "సరేప్పా, తెలీదన్నావు గదా, రేపటికి ఆవు గురించి పది మాటలు ఇంగ్లీషులో రాసుకోని రా. రాసుకోనొచ్చి ఈడ నిలబడి చెప్పు" అన్నారు. ఆ పిల్లవాడు మళ్లీ ఎప్పుడూ తెలిసినదాన్ని తెలీదనలేదు. అన్నట్టు ఆ నోటుపుస్తకంలో చివరి పేరు సారుదే. పాఠంలో తనకే అనుమానం వస్తే తనకే వేలెత్తుకుని, జేబులోంచి నిఘంటువు తీసేవారు. ఏడాది చివర ఆయన మార్కులు మాలో చాలామంది కన్నా ఎక్కువ.

శనివారాలు పుస్తకం ముట్టుకోవడం ఉండేది కాదు. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు ఉన్న కాగితం ఏదైనా తెమ్మనేవారు. సబ్బు పైకాగితం, అగ్గిపెట్టె, సిమెంటు సంచి ముక్క, తాత కళ్లద్దాల చీటీ, అన్నీ వచ్చేవి. ఒక్కో కాగితం ఒక్కొక్కరు చదివి, దాని అర్థం పక్కవాళ్లకు తెలుగులో చెప్పాలి. వినేవాళ్లు ప్రశ్నలడగాలి. "చదివినోనికి అర్థమైందా లేదా అనేది వినినోడు చెప్పాల" అనేవారు. ఒకసారి మమ్మల్ని బస్టాండుకు తీసుకుపోయి, పొరుగు రాష్ట్రాల నుంచి అహోబిలం పోయే యాత్రికులతో ఇంగ్లీషులో రెండు మాటలు మాట్లాడించారు. ఆ యాత్రికులకు మాకంటే తక్కువ ఇంగ్లీషు వచ్చు. ఇద్దరికీ ధైర్యం వచ్చింది.

ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి ఏదో మాటకు అర్థం అడిగితే, క్లాసు సగం ఒక్కసారిగా లేచి నిలబడి సంతోషంగా "తెలీదు సార్" అంది. లీడరు అలవాటు ప్రకారం నోటుపుస్తకం తెరిచాడు. ఇన్‌స్పెక్టరు ముఖం చూడాలి. వారానికి మా సారుకు సంజాయిషీ అడుగుతూ ఇంగ్లీషులో మెమో వచ్చింది. ఆ శనివారం సారు ఆ మెమోనే క్లాసుకు తెచ్చి బోర్డు మీద రాసి, "దీంట్లో తెలీనివి చెప్పండప్పా" అన్నారు. మాకు తొమ్మిది మార్కులొచ్చాయి. ఆయనకు రెండు.

ఇంతమందికి ఇన్ని మార్కులు వస్తుంటే, నా పేరు ఎదురుగా మాత్రం ఏమీ ఉండేది కాదు.

దానికి కారణముంది. మా ఊరు ఆళ్లగడ్డకు మూడు మైళ్లు. మా ఊరి నుంచి హైస్కూలుకు నడిచిపోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. నన్ను పంపడానికి మా నాయన ఊరందరికీ చెప్పిన కారణం ఒక్కటే, "ఇంగ్లీషు కాగితాలు చదివేదానికి ఇంట్లో ఒకరుండాల గదా." ఎవరన్నా ఎత్తిపొడిస్తే, "మా పాప గడగడా చదువుతాది" అనేవాడు. నేను గడగడా అప్పజెప్పేదాన్ని, అంతే. గైడులో ఉన్నది పుస్తకం మూసి చెప్పమంటే చెప్పేదాన్ని. కొత్త కాగితం ఇచ్చి చదవమంటే గుటకలు మింగేదాన్ని. తెలీదన్న మాట క్లాసులో అంటే ఎవరో ఒకరు మోసుకుపోయి నాయన చెవిన వేస్తారని భయం. వేస్తే బడి ఆగిపోతుంది. సారు ఒకరోజు నోటుపుస్తకం తిప్పి, "నీకొక్క మార్కు లేదే పాపా, అంతా తెలుసా?" అన్నారు. తెలుసన్నాను.

ఆ ఏడే మా పత్తికి పురుగు తగిలింది. నాయన ఆళ్లగడ్డ మందులంగడి నుంచి ఒక డబ్బా తెచ్చాడు. అంగడాయన, వీపుకు తగిలించుకుని మందు కొట్టే పంపు నిండా నీళ్లకు ఒక మూత మందు చాలని చెప్పాడట. నాయనకు అంగళ్లవాళ్ల మాట మీద గురి లేదు. డబ్బా నా చేతికిచ్చి, "వాడు ఏమన్నా చెప్తాడు. దాని మీద ఏం రాసినారో చదువు మే" అన్నాడు. వాకిట్లో మా చిన్నాయనలిద్దరూ ఉన్నారు. డబ్బా మీద చీమల్లాంటి అక్షరాలు. వాటి మధ్య మూత బొమ్మ, పక్కన ఎనిమిది అంకె. మిగతాది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఎనిమిది మూతలు నాయనా" అన్నాను.

"వాడు ఒకటే అన్న్యాడే."

"దీని మీద ఎనిమిదే ఉంది."

"అచ్చు వేసింది అబద్ధం చెప్పదులే" అన్నాడు నాయన, తమ్ముళ్ల వైపు చూసి మీసం మీద చెయ్యేసుకుంటూ. అప్పుడు నాకెంత గొప్పగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

పంపుకు ఎనిమిది మూతలు కలిపి కొట్టాడు. అర ఎకరాకే డబ్బా ఖాళీ అయింది. మూడో రోజుకు ఆ అర ఎకరాలో ఆకులన్నీ అంచుల నుంచి మాడి ముడుచుకున్నాయి. అది దారి పక్క చేను. బండి మీద పోయే ప్రతివాడూ ఆగి, "ఏందప్పా ఇది, నిప్పు పెట్టినావా?" అని అడిగి పోయేవాడు. నాయన డబ్బా పట్టుకుని అంగడికి పోయాడు. కల్తీ మందు అమ్మావని నాయన, నేను చెప్పినట్టే కొట్టినావా అని అంగడాయన. "డబ్బా మీద రాసినట్లు కొట్టినా. మా పాప చదివింది" అన్నాడట నాయన. చిన్నాయనలు సంత రోజు నలుగురిలో తేలుస్తామని, తేలకపోతే డబ్బాలన్నీ రోడ్డున పోస్తామని చెప్పి వచ్చారు. మా వైపు ఇలాంటి మాటలు ఉత్తుత్తికి అనరు. అంగడాయన ఒంటరి మనిషి. మరుసటి రోజు నుంచి అంగడి తలుపులు ఒక రెక్కే తెరిచి, లోపల కూర్చునేవాడు. నేను బడికి పోతూ ఆ ఒక్క రెక్క చూసేదాన్ని. ఎక్కడ తప్పు జరిగిందో తెలియకపోయినా, జరిగింది నా దగ్గరేనని లోపల తెలుస్తూనే ఉండేది.

సంతకు ముందు రోజు సారు క్లాసుకు అలాంటి డబ్బానే ఒకటి తెచ్చారు. మూత తీయని కొత్తది. అంగడాయన పొద్దున్నే సారు ఇంటికి పోయి, దీని మీద ఏముందో చదివి చెప్పమని బతిమాలుకున్నాడని తర్వాత తెలిసింది. ఎవరి పాప చదివిందో కూడా ఆయన చెప్పే ఉంటాడు. సారు నా వైపు చూడలేదు. డబ్బా మీద అక్షరాలన్నీ బోర్డు మీద పెద్దగా రాశారు. "తెలీనివి చెప్పండప్పా" అన్నారు. పిల్లలు ఒక్కొక్కరే లేచారు. వేలు లేస్తోంది, దిగుతోంది. ఒక్కో మాటకూ అర్థం బోర్డు మీదికి వస్తోంది. ఎనిమిది మూతల పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది ఎకరాకు అని. దాని కింది వరసలో, ఆ మందును పది పంపుల నీళ్లకు సర్దాలని.

గంట కొట్టారు, అందరూ పోయారు. నేను బెంచీ దగ్గరే నిలబడ్డాను. సారు బోర్డు తుడుస్తున్నారు.

"సార్, నాకు తెలీదు" అన్నాను. ఏది తెలీదో కూడా చెప్పలేకపోయాను. ఏడుపొచ్చింది.

ఆయన తిరిగి చూసి వేలెత్తారు. గదిలో లీడరు లేడు. బల్ల మీద నోటుపుస్తకం ఉంది. ఆయన అలాగే నిలబడి ఉంటే నేనే పోయి, నా పేరు ఎదురుగా ఒకటి వేసుకున్నాను. అప్పుడు దించారు.

"నాకు చెప్పినావు, బాగుంది. నాకు చెప్తే చేనోనికి తెలుస్తాదా, అంగడోనికి తెలుస్తాదా?"

"చెప్తే మా నాయన బడి మాన్పిస్తాడు సార్."

"మాన్పించొచ్చు" అన్నారు. అబద్ధం చెప్పి ధైర్యం ఇచ్చే మనిషి కాదు. "చెప్పకపోతే రేపు సంతలో ఏమైతాదో అది గూడా చూసుకో. సాయంత్రం నేనొస్తా. వస్తా గానీ నీ మాట నేను చెప్పను. నీదే నోరు."

అన్నట్టే సాయంత్రం సైకిలు మీద వచ్చారు. నాయన మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చాడు. సారు మజ్జిగ తాగుతున్నారు, వానల సంగతి మాట్లాడుతున్నారు, ఎంతకీ అసలు మాట ఎత్తరు. చెంబు ఖాళీ అయింది. నా వైపు ఒకసారి చూశారు.

"నాయనా, ఆ ఎనిమిది మూతలు ఎకరాకంట. పంపుకు కాదు. నాకు సరిగ్గా చదవను రాలేదు. వచ్చినట్లు చెప్పినా. మందు మంచిదే" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. ఒక్క ఊపిరిలో అన్నాను.

చిన్నాయన ఒకడు ఏదో అనబోతే నాయన చెయ్యి ఎత్తి ఆపాడు. చివరికి సారుతో, "తొమ్మిదో తరగతి సార్. చదవను రాదంటాంది. ఇంగ ఎందుకు బడి?" అన్నాడు.

"రాకుండానే ఈ తరగతి దాకా తోసుకొచ్చింది మేమే గదప్పా. ఈ పాప తప్పు సగం, మాది సగం" అన్నారు సారు. "ఒకటి చెప్తా విను. అంతా తెలుసనేటోళ్లకు నేనేం నేర్పించలేను. మొన్నటి దాకా ఈ పాప అట్లనే ఉండె. ఈ పొద్దు తెలీదనింది. నాకు ఈ పొద్దే పని మొదలైంది. ఇప్పుడు మాన్పిస్తే ఎట్లప్పా?"

నాయన లేచి ఎద్దులకు మేత వేయడానికి పోయాడు. సారు సైకిలెక్కి వెళ్లిపోయారు.

తెల్లారి నాయన ఎద్దుల బండి కట్టి, ఎక్కమన్నాడు. నేను పుస్తకాల సంచి తీసుకోవాలో వద్దో తెలియక వాకిట్లో నిలబడితే, ఆయనే లోపలికి పోయి సంచి తెచ్చి బండిలో వేశాడు. పుస్తకాలు బడిలో తిరిగిచ్చేయడానికో, నన్ను బడికి పంపడానికో అర్థం కాలేదు. అంగడి దగ్గర బండి ఆపి, "దిగు. నాకు చెప్పింది ఆయప్పకు గూడా చెప్పు" అన్నాడు. సంత జనం అప్పుడప్పుడే చేరుతున్నారు. చెప్పాను. ముందు రోజు సాయంత్రం ఒకసారి చెప్పిన మాటే కాబట్టి ఈసారి నిదానంగానే వచ్చింది. నాయన నా వెనకే నిలబడి, నలుగురూ వినేలా, "మందు మంచిదే. తప్పు మా ఇంట్లోనే జరిగింది" అన్నాడు. మా నాయన నోట అలాంటి మాట అంతకు ముందు ఎవరూ వినలేదు.

అంగడాయన లేచి వచ్చి, మూసి ఉన్న రెండో రెక్క తెరిచాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, "భయపడొద్దులే పాపా, పత్తి మొండిది, చిగురేస్తాది" అన్నాడు. నిజంగానే నెల తిరక్కుండా ఆ అర ఎకరా పచ్చబడింది.

నాలుగు రోడ్ల దగ్గర ఎడమకు తిరిగితే మా ఊరు, కుడికి బడి. నాయన పగ్గాలు కుడికి లాగాడు. బడి గేటు దగ్గర దించి, "సారును అడిగి అన్నీ నేర్చుకో. తెలీనిది తెలీదను" అని బండి తిప్పుకుని పోయాడు. నా జీవితంలో అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న రోజు ఇంకొకటి లేదు. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ, నేను ఏ కాగితం చదివినా మా నాయన, "తెలిసి చెప్తాండావా, తెలీక చెప్తాండావా?" అని అడిగిన తర్వాతే నమ్మేవాడు.

ఆ ఏడాది చివరికి నోటుపుస్తకంలో నా పేరు సారు పేరును దాటింది. సాయంత్రం బడి వదిలాక అరగంట నాకు, నాలాంటి మరో నలుగురికి సారు అక్షరం దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పారు. చదివినదాన్ని ఎదుటి మనిషికి అర్థమయ్యేలా చెప్పడం నేర్పారు. నేను టీచరునయ్యాను. ఆయన నంద్యాలకు బదిలీ అయి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. నేను కూడా ఇక్కడికే వచ్చాక నెలకొకసారి పోయేదాన్ని. ఆ మందు డబ్బా సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదని ఆయన భార్య మాటల్లో తెలిసింది. మేమంతా ఆమెను అమ్మ అనే అంటాం.

సారు పోయే ముందు ఆదివారం చూడ్డానికి వెళ్లాను. అమ్మ కొత్త మందు సీసా తెచ్చి, "డాక్టరు చీటీ యాడనో పడిపాయ. దీని మీద ఏముందో చూసి చెప్పు తల్లీ" అంది. కోడలు కూడా వచ్చి నిలబడింది. సారు దిండుకు ఆనుకుని నన్నే చూస్తున్నారు. ఎన్ని చెంచాలు, ఎప్పుడెప్పుడు, అన్నానికి ముందా తర్వాతా, అన్నీ చదివి చెప్పాను. అట్టపెట్టె మీద చివరి వరసలో ఒక మాట దగ్గర ఆగాను. ఎప్పుడూ చూసిన మాట కాదు. ఎవరికి ఇవ్వకూడదో చెప్పే వరస అది. దాటేసి పోవచ్చు. ఇన్నేళ్లుగా ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్నదాన్ని, కోడలి ముందు చిన్నబోవడం దేనికి అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

లేచి నిలబడ్డాను. "సార్, ఈ ఒక్క మాట నాకు తెలీదు. డాక్టరునే అడిగొచ్చి చెప్తా. అందాకా ఈ మందు పట్టొద్దు" అన్నాను.

దుప్పటి కింద ఆయన ఎడమ చెయ్యి కదిలింది. మెల్లగా బయటికి వచ్చింది. పైకి లేచింది. ఆ చేతికి కూడా అప్పటికి బలం లేదు. చూపుడు వేలు ఒక్కటి నిలబెట్టారు.

అమ్మ కంగారుగా, "ఏం కావాల, నీళ్లా?" అని ఆ చెయ్యి పట్టుకుని దించబోయింది. ఆయన దించనివ్వలేదు. నన్నే చూస్తున్నారు.

"నీళ్లు కాదమ్మా" అని, సంచిలో పెన్ను వెతికాను. కంగారులో ఒక పట్టాన దొరకలేదు. ఆయన వేలు అలాగే ఉంది. పెన్ను దొరికాక, మందు అట్టపెట్టె మీద నా పేరు రాసి, ఎదురుగా ఒకటి వేసి, ఆయనకు చూపించాను.

అప్పుడు దించారు.